అమ్మ నిలకడ కోసం ఎనిమిది వారాలు: ఒక బ్యాలెన్స్ శిక్షణ కేంద్రంపై సమీక్ష

మా అమ్మకు 71 ఏళ్లు. గత వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు మంచం దిగి స్నానాలగది వైపు నడుస్తూ నడవాలో పడిపోయింది. ఎముకలేవీ విరగలేదు గానీ, ఆ రోజు నుంచి గోడ పట్టుకోకుండా అడుగు వేయడం మానేసింది. షుగరు చూసే డాక్టరుగారి సలహా మీద గుంటూరులో ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో ఎనిమిది వారాల బ్యాలెన్స్ శిక్షణకు చేర్పించాం. వారానికి రెండుసార్లు వెళ్లాలి. మొదటి పరీక్షకు 1,500 రూపాయలు, ఆపైన వెళ్లిన ప్రతిసారీ 600 తీసుకున్నారు. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక కేంద్రం పేరు చెప్పడం లేదు. ఇలాంటి సేవ ఏ ఊళ్లో తీసుకున్నా దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి అక్కర్లేదో తెలియజేయడమే నా ఉద్దేశం.

అన్నింటికంటే విలువైనది మొదటి రోజు గంటసేపు జరిగిన పరీక్ష. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి అమ్మకు 16 సెకన్లు పట్టింది. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క వేస్తారట. తరువాత పాదాలు దగ్గరగా చేర్చి కళ్లు మూసుకోమన్నారు. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రాంబర్గ్ పేరుతో పిలిచే పరీక్ష ఇది. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ స్తంభంలా నిలబడిన మనిషి, మూసిన మూడో సెకనుకే పక్కకు తూలింది. సన్నని నైలాన్ పోగును అరికాలికి తాకించి చూస్తే, బొటనవేలి కింద ఆ స్పర్శ ఆమెకు తెలియనే లేదు. అప్పుడు ఫిజియోథెరపిస్టు ఒక ప్రశ్న అడిగారు: "మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా అమ్మా?" ఏడాదిగా అమ్మ మాతో చెబుతూ ఉన్నదీ, మేము నీరసం అని కొట్టిపారేసిందీ సరిగ్గా అదే.

నిలబడటం అనే పనికి శరీరం మూడు చోట్ల నుంచి సమాచారం తెచ్చుకుంటుంది. కళ్లు చుట్టూ ఉన్నదాన్ని చూపిస్తాయి. అరికాళ్లు, కీళ్లు, కండరాలు నేల ఎలా ఉందో, ఒంటి బరువు ఎటు మొగ్గిందో చెబుతాయి. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిప్పడాన్ని, రెండు చిన్న సంచులు తల వంపును, ముందువెనుకల కదలికను పసిగడతాయి. ఒకటి తగ్గితే మిగిలిన రెండింటి మీద మెదడు ఎక్కువగా ఆధారపడుతుంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్న అమ్మకు పాదాల నుంచి వచ్చే కబురు సన్నగిల్లింది, వయసుతో లోపలి చెవిలో కదలికను పసిగట్టే రోమకణాలు కూడా తగ్గుతాయి కనుక ఆమె దాదాపుగా కళ్లతోనే నిలబడుతోందని, అందుకే కరెంటు పోగానే పడిందని ఆయన విడమరిచి చెప్పారు. ఈ ఒక్క వివరణకే 1,500 రూపాయలు చెల్లిపోయాయని నేను అనుకున్నాను.

అదే హాలులో నడక ఆలస్యమైన ఒక ఐదేళ్ల బాబుకు కూడా శిక్షణ ఇస్తున్నారు. అమ్మ ఎక్కే మెత్తని నురుగు దిమ్మ మీదికే వాడినీ ఎక్కించేవారు. ఇద్దరికీ ఒకే సరంజామా ఏమిటని నేను మొదట సందేహించాను గానీ, కారణం తెలిశాక ఆ ఏర్పాటు సబబే అనిపించింది. అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న పిల్లలు నిలబడటానికి చూపునే బాగా నమ్ముకుంటారు. 1974లో లీ, ఆరన్సన్ అనే పరిశోధకులు నేల కదలకుండా గోడలు మాత్రమే జరిగే గదిలో పసిపిల్లలను నిలబెడితే, వాళ్లు గోడ కదిలిన దిశకు తగ్గట్టు తూలిపోయారు, కొందరు పడిపోయారు. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఈ మూడు సమాచారాలనూ బేరీజు వేసుకోవడం పిల్లలు నేర్చుకుంటారు. ఆ వయసులో నిలకడ కొంత ఎగుడుదిగుడుగా కూడా ఉంటుంది. ఏడు నుంచి పదేళ్ల మధ్య పెద్దవాళ్ల తీరుకు దగ్గరవుతుంది. మా చిన్నతనంలో తొక్కుడుబిళ్ల ఆటలో ఒంటికాలి మీద గళ్లు దాటిన వయసు కూడా దాదాపు అదే. అమ్మ చూపును నమ్ముకోవడానికీ, పసిపాప నమ్ముకోవడానికీ కారణాలు వేరు. నురుగు దిమ్మ మీద మాత్రం పాదాల కబురు నమ్మదగ్గది కాదు కనుక, కళ్లు మూసుకుంటే ఇద్దరూ లోపలి చెవినే వాడుకోవాల్సి వస్తుంది.

శిక్షణ తీరు గురించి చెప్పాలంటే, మొదటి రెండు వారాలు చప్పగా గడిచాయి. గోడ పక్కన మడమలెత్తి నిలబడటం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నడవడం, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం తప్ప ఇంకేమీ లేదు. మూడో వారం నుంచి అసలు పని మొదలైంది. నడుముకు బెల్టు కట్టి, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, చెప్పకుండా భుజం మీద మెల్లగా తోసేవారు. చిన్న తోపుకు చీలమండలతోనే సర్దుకుంటాం, కాస్త పెద్దదైతే నడుము వంచుతాం, ఇంకా పెద్దదైతే అడుగు వేస్తాం. ఒక్క పెద్ద అడుగు వేయాల్సిన చోట అమ్మ నాలుగైదు చిన్న అడుగులు వేసేది. ముసలితనంలో చాలామందికి అంతేనట. ఆ అడుగును పెద్దది చేయడానికే మూడు వారాలు పట్టింది.

తరువాత మాట్లాడుతూ నడిపించారు. మాట్లాడటానికి నడక ఆపేసే వృద్ధులు ఎక్కువగా పడిపోతారని స్వీడన్ పరిశోధకులు 1997లో గమనించినప్పటి నుంచి ఈ పద్ధతికి ప్రాధాన్యం పెరిగింది. ఏదైనా చెబుతూ నడవమంటే అమ్మ ప్రభవ, విభవ, శుక్ల అంటూ తెలుగు సంవత్సరాల పేర్లు గడగడా అప్పగించి, ఆగకుండా నడిచింది. కంఠతా వచ్చినది బుద్ధికి బరువు కాదు కదా! అవే వెనక నుంచి చెప్పమనేసరికి అక్షయ, క్రోధన దాటి రక్తాక్షి దగ్గర మాటా ఆగింది, కాళ్లూ ఆగాయి.

ఇక కంప్యూటరు యంత్రం. పాదాల కింద పలక, ఎదురుగా తెర, తెర మీద మన బరువుతో పాటు కదిలే చుక్క. అదనంగా 1,200 రూపాయలు. ఎంత ఆరోగ్యవంతుడైనా నిలబడినప్పుడు కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటాడని ఆ చుక్క చక్కగా చూపించింది. అంతవరకు బాగుంది. కానీ చివర్లో రంగుల కాగితం మీద "మీ బ్యాలెన్స్ వయసు 78" అని అచ్చు వేసి ఇవ్వడం నాకు నచ్చలేదు. నిద్ర చాలకపోయినా, భయపడినా ఆ అంకె మారిపోతుంది. పైగా అది చూసి అమ్మ రెండు రోజులు దిగులు పెట్టుకుంది. శిక్షణలో ఏం మార్చాలో ఆ కాగితం ఒక్క ముక్కా చెప్పలేదు.

మిగతా లోపాలు ఇంతకంటే పెద్దవి. పడిపోయేవారి కోసం పెట్టిన కేంద్రం మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, నున్నటి టైల్స్ వేసిన మెట్లకు ఒకవైపే కమ్మీ ఉంది. ఇంట్లో చేయాల్సిన వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఇచ్చారు, అమ్మ కోసం నేనే తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను. బీపీ మాత్రలు వేసుకునే మనిషికి పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా బీపీ కొలవాలన్నది నేను అడిగితే గానీ చేయలేదు. గోడ మీద "8 వారాల్లో పడిపోవడానికి స్వస్తి" అని బోర్డు ఉంది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష ప్రకారం వ్యాయామం వల్ల 60 దాటిన వారిలో పడిపోవడాలు నూటికి 23 మేర తగ్గుతాయి. అది తీసిపారేయలేని మేలే, కానీ స్వస్తి కాదు.

ఎనిమిది వారాల తరువాత అమ్మ కుర్చీ పరీక్షను 12 సెకన్లలో ముగించింది. ఒంటికాలి మీద నిలబడటంలో కుడికాలి మీద మూడు సెకన్ల నుంచి ఎనిమిదికి, ఎడమకాలి మీద రెండు నుంచి ఆరుకు చేరింది. సరదాకు నేనూ కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే, 46 ఏళ్లకే పదకొండో సెకనులో కాలు కింద పెట్టాల్సి వచ్చింది. అరికాళ్లలో పోయిన స్పర్శ తిరిగి రాలేదు, వస్తుందని వాళ్లూ చెప్పలేదు. ఆ లోటు కోసం నడవాలో రాత్రి దీపం, దానికి ఇన్వర్టరు కనెక్షను, స్నానాలగదిలో కమ్మీ, హవాయి చెప్పుల బదులు మడమ పట్టీ ఉన్న చెప్పులు మేమే ఏర్పాటు చేసుకున్నాం. ఇంటికి వచ్చి ఇవన్నీ చూసే సేవ కూడా ఈ రుసుములో ఉండవలసింది.

శిక్షణ ఇచ్చిన ఫిజియోథెరపిస్టుకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను, చోటుకు రెండు. అమ్మ ఇప్పుడు రోజూ వంటింటి గట్టు పట్టుకుని సాధన చేస్తోంది. ఆరు నెలలకు ఒకసారి మళ్లీ పరీక్ష చేయించడానికి అక్కడికే తీసుకువెళతాను, యంత్రం మాత్రం ఎక్కించను.