పాత టేకు తలుపు: భోజనాల బల్లా, మంచం తలాపా?

కూల్చిన మండువా ఇంటి తలుపు రెక్క అనగానే అందరికీ బల్లే తడుతుంది. చెక్కడం ఉన్న రెక్కకైతే అది వద్దు. లోతు పలకల్లో మెతుకులు ఇరుక్కుంటాయి, పులుసు ఇంకుతుంది. బల్లే కావాలంటే పైన 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు (గట్టిపరిచిన అద్దం) తప్పదు. గ్లాసు కింద రబ్బరు బిళ్లలు పెట్టకపోతే చెమ్మ చేరి బూజు పడుతుంది. రెక్క మందం అంగుళంన్నర ఉంటే కాళ్లు 28 అంగుళాలు చాలు.

తలాపుకి, అంటే మంచం తల వైపు పలకకి, ఈ తంటాల్లేవు. ఆరున్నర అడుగుల రెక్కను అడ్డంగా పెడితే 6 అడుగుల మంచానికి సరిపోతుంది. గోడకు యాంకర్ బోల్టులతోనే (గోడ కన్నంలో విచ్చుకుని పట్టుకునేవి) బిగించాలి, మేకులు ఆ బరువు ఆపవు. తలకు తగిలే ఇత్తడి గుబ్బలు విప్పేయాలి.

దేనికైనా ముందు చెక్కను చూడండి: సన్నని కన్నాల నుంచి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. పాత రంగులో సీసం ఉండొచ్చు, తడిపే రుద్దాలి.