బెంగళూరు నుంచి తిరుపతికి ఎలక్ట్రిక్ కారులో: దిగే లెక్క వేరు, ఎక్కే లెక్క వేరు

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి 160 మీటర్ల దగ్గర. మధ్యలో 250 కిలోమీటర్ల రోడ్డు. పెట్రోలు కారులో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఎలక్ట్రిక్ కారులో మాత్రం ప్రయాణమంతా దీనిచుట్టూనే తిరుగుతుంది. మనుషులూ సామానూ కలిపి 1700 కిలోలున్న కారును 750 మీటర్లు పైకి లాగడానికే మూడున్నర యూనిట్లు కావాలి. మోటారు దగ్గర పోయేది కలుపుకుంటే నాలుగు. దిగేటప్పుడు రీజెన్‌లో (మోటారే జనరేటర్‌లా తిరిగి బ్యాటరీని నింపడం) తిరిగొచ్చేది మహా అయితే రెండున్నర. అంటే అదే కారు, అదే రోడ్డు, అదే స్పీడు అయినా పోనూ రానూ మధ్య ఆరున్నర యూనిట్ల తేడా. కిలోమీటర్లలో 45. పోయేటప్పుడు బాగానే మిగిలింది కదా, వచ్చేటప్పుడూ అంతే మిగులుతుందనుకున్నవాళ్లే కోలారు దాటాక ఏసీ ఆపేసి, ఎడమ లేన్‌లో 60 మీద పాకుతూ కనిపిస్తారు.

ఇక్కడి లెక్కలన్నీ 45 యూనిట్ల బ్యాటరీకి, 80–85 స్పీడుకు వేసినవి. చదును రోడ్డు మీద 100 కిలోమీటర్లకు 14 యూనిట్లు. స్పీడు 100 దాటితే 16, 17 అవుతుంది. 30.2 యూనిట్ల బ్యాటరీ ఉన్న పాత టాటా నెక్సాన్ ఈవీ వాళ్లు పోయేటప్పుడే ఒకచోట ఆగాలి, వేరే దారి లేదు.

ముందు ఇంటి సంగతి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ బేస్‌మెంట్‌లో ఉంటుంది, మీటరు బోర్డు ఇంకో మూల ఉంటుంది. 7.2 కిలోవాట్ల వాల్ బాక్సు (గోడకు బిగించే చార్జరు) 32 ఆంపియర్లు లాగుతుంది, అదీ ఆరేడు గంటలు ఆపకుండా. గీజరు పావుగంటలో ఆగిపోతుంది కాబట్టి దాని తీగతో దీన్ని పోల్చకూడదు. 20 మీటర్ల లోపైతే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. 40 మీటర్లు లాగితే అదే తీగలో ఎనిమిది వోల్టులు దారిలోనే పోతాయి, తీగ వెచ్చబడుతుంది. అక్కడ 10 వేయాలి. లోడు మించితే ఆపే ఎంసీబీ 40 ఆంపియర్లది, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఏ ఉండాలి. డీసీ లీకేజీని కనిపెట్టే ఏర్పాటు వాల్ బాక్సులోనే లేకపోతే టైప్ బీ కావాలి. అది ఖరీదు, అందుకే ఎలక్ట్రీషియన్లు దాని పేరెత్తరు. ఫ్లాట్లకు మామూలుగా ఉండే మూడు నుంచి ఐదు కిలోవాట్ల శాంక్షన్డ్ లోడు (కరెంటు సంస్థ మంజూరు చేసిన పరిమితి) దీనికి సరిపోదు. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్‌లో లోడు పెంచుకున్నాకే పని మొదలుపెట్టాలి. అసోసియేషన్‌వాళ్లు 'ఫైర్ సేఫ్టీ' అని అడ్డం పడితే తీగ సైజు, బ్రేకర్ రేటింగు, ఎర్త్ కొలత కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటతో మొదలైన వాదన నెలలు సాగుతుంది.

వాల్ బాక్సు వద్దనుకుంటే 15 ఆంపియర్ల పాయింటు చాలు. ఖాళీ బ్యాటరీ నిండడానికి 16 గంటల దాకా పడుతుంది, రోజూ ఆఫీసుకు తిరిగేవాళ్లకు అంత అవసరమే రాదు. కాకపోతే గోడకున్న మామూలు మూడు కంతల సాకెట్ రోజుకు పది గంటలు నిండు లోడు మోయడానికి చేసింది కాదు. ముందు లోపలి స్ప్రింగు వదులవుతుంది, తర్వాత పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తుంది, ఆ తర్వాత ప్లగ్గు లాగితే సాకెట్ ముఖం కూడా ఊడి వస్తుంది. దాని బదులు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, 16 ఆంపియర్లది, పెట్టించండి. ధరలో తేడా కొద్ది వందలే.

బయల్దేరే రోజు బ్యాటరీ 100 శాతం నింపుకోవచ్చు. నిండు బ్యాటరీలో రీజెన్‌కు చోటుండదు గాని, మొదటి 90 కిలోమీటర్లు, అంటే హోస్కోటె, నరసాపుర, కోలారు మీదుగా ముళబాగిలు దాకా, పెద్దగా వాలు లేదు కాబట్టి రీజెన్ వృథా కాదు. అసలు దిగుడు నంగలి దాటి ఆంధ్రలోకి వచ్చాక. పలమనేరు తర్వాత మొగిలి ఘాట్ దగ్గర బ్రేకు తొక్కకుండా, రీజెన్ గట్టిగా పెట్టి దిగితే శాతం నిలబడిపోతుంది, ఒక్కోసారి ఒకటి పెరుగుతుంది కూడా. చిత్తూరు, పూతలపట్టు, చంద్రగిరి దాటి తిరుపతి చేరేసరికి 25–28 శాతం మిగలాలి. దారిలో కాణిపాకం వెళ్లొచ్చినా ఇబ్బంది లేదు. మొత్తానికి పోయేటప్పుడు చార్జింగ్ కోసం ఆగే పనే లేదు. కాఫీ కోసం ఆగండి.

ఈ ప్రయాణంలో డబ్బు పెట్టాల్సింది తిరుపతి లాడ్జి మీద. 120 కిలోవాట్ల ఫాస్ట్ చార్జింగ్ గన్ ఎంత దూరంలో ఉందని వెతికేకంటే, రాత్రంతా వాడుకోనిచ్చే ఒక మంచి 15 ఆంపియర్ల పాయింటున్న బస దొరకడమే ఎక్కువ లాభం. సాయంత్రం ఆరుకు పెట్టి పొద్దున ఎనిమిదికి తీస్తే, పోర్టబుల్ చార్జరు 10 ఆంపియర్ల మీదే నడిచినా 27 యూనిట్లు ఎక్కుతాయి. 27 శాతం ఉన్నది 87 అవుతుంది.

బుకింగ్ సైట్లలో 'ఈవీ చార్జింగ్' అని ఉన్నదాన్ని నమ్మొద్దు. ఫోన్ చేసి రిసెప్షన్‌తో కాదు, వాచ్‌మన్‌తోనో మెయింటెనెన్స్ మనిషితోనో మాట్లాడాలి. పాయింటు పార్కింగ్‌లో ఉందా, దాని పక్కన కారు నిలపొచ్చా, రాత్రి పార్కింగ్ లైట్లతో పాటు దాన్నీ ఆపేస్తారా? ఈ మూడోది అడగక దెబ్బతినేవాళ్లే ఎక్కువ. ఇక జనరేటర్ ఉందా అన్నది. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారగానే చార్జరు ఆగిపోవచ్చు. కరెంటు తిరిగొచ్చినా కొన్ని కార్లు వాటంతట అవి మళ్లీ మొదలుపెట్టవు. తెల్లారి చూస్తే 41 శాతం దగ్గర ఆగి ఉంటుంది. పడుకునే ముందు ఒకసారి, మెలకువ వస్తే ఒకసారి యాప్‌లో చూసుకోవాలి.

చేరగానే చెయ్యాల్సింది ఎర్త్ పరీక్ష. నాలుగైదు వందల మల్టీమీటర్ కారులో పడేసుకోండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపుంటే మంచిది, ఐదు దాటితే చార్జరు ఎర్ర లైటు వేసి మొరాయించవచ్చు. లాడ్జివాళ్లు 'కారు పాడైనట్టుంది సార్' అంటారు గాని, చాలాసార్లు పాడైంది వాళ్ల ఎర్త్ గుంతే. ఎండాకాలం ఎండిపోతే ఒక బకెట్ నీళ్లు పోసినా మార్పు కనిపిస్తుంది. ఎర్త్ దాటవేసే అడాప్టర్లు అమ్ముతారు. ఆ పని చెయ్యొద్దు, ముట్టుకుంటే షాక్ కొట్టేది కారు బాడీయే. చార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గును చేత్తో పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటే పర్వాలేదు, పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆంపియర్లు తగ్గించాలి, తగ్గించే వీల్లేకపోతే తీసెయ్యాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలు పోవద్దు. డబ్బు విషయం చార్జింగ్ పెట్టేముందే తేల్చుకుంటే మంచిది. రాత్రికి నాలుగొందలంటే ఇద్దరికీ న్యాయమే.

కొండమీదికి సొంత కారు తీసుకెళ్తే ఎక్కడానికి ఆరు యూనిట్ల దాకా పోతుంది, దిగేటప్పుడు రెండు తిరిగొస్తుంది. 2022 నుంచి ఏపీఎస్ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులే ఘాట్ ఎక్కుతున్నాయి, మన కారుకు ఇది లెక్క కాదు. తిరుమలలో బ్యాటరీ నింపుకోవాలని చూడొద్దు. పైన 100 చేసుకుని దిగితే రీజెన్‌కు చోటుండదు, భారమంతా బ్రేకు డిస్కుల మీద పడుతుంది, మలుపుల్లో అలవాటైన పట్టు దొరకదు. కారు లాడ్జిలోనే చార్జింగ్‌కు వదిలి బస్సులో వెళ్లిరావడం అన్నిటికంటే సుఖం.

తిరుగు ప్రయాణంలో అందరూ చేసే పొరపాటు చిత్తూరులో ఆగడం. అక్కడికి 70 కిలోమీటర్లే అవుతుంది, బ్యాటరీ ఇంకా 60 పైనే ఉంటుంది. 80 దాటాక ఏ ఫాస్ట్ చార్జరైనా నెమ్మదిస్తుంది కాబట్టి అరగంట కూర్చున్నా ఎక్కేది తక్కువ. ఎక్కుడంతా అయిపోయాక ముళబాగిలులోనో, కోలారు చేరేలోపో ఆగడం తెలివి. 87 శాతంతో బయల్దేరితే ముళబాగిలుకు 30 దగ్గర ఉంటుంది. అప్పుడు కారు ఆకలి మీద ఉంటుంది. 30 కిలోవాట్లు అందినా 20 నిమిషాల్లో పది యూనిట్లు. ముళబాగిలు దోసె తిని చెయ్యి కడుక్కునేలోపు పని అయిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నమైతే బ్యాటరీ వేడికి ఇంకో పది నిమిషాలు కలుపుకోండి.

హైవే మీద ఏ చార్జరు మేలంటే, హోటలు ఆవరణలోది. వెలుతురు, బాత్రూము, మనుషులు ఉంటారు. బంకుల్లోవి రాత్రంతా తెరిచి ఉంటాయి గాని చాలాచోట్ల ఒక్కటే గన్, దాని ముందే ఎవరో లారీ పెట్టి పడుకుంటారు. షోరూములవి రాత్రిపూట గేటు లోపల ఉండిపోతాయి. బోర్డు మీద 60 కిలోవాట్లు అని ఉన్నా రెండు గన్‌లకు కలిపి 60 కావచ్చు, పక్క కారు పెట్టగానే మీది సగమవుతుంది. ధర చాలాచోట్ల యూనిట్‌కు 18 నుంచి 25 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. రెండు మూడు యాప్‌ల వాలెట్లలో రెండేసి వందలు ముందే వేసి పెట్టుకోండి. ఇంకెక్కువ వద్దు, ఇరుక్కున్న డబ్బు వెనక్కి రావడం పెద్ద పని.

చార్జరు చచ్చిపోయినట్టు కనిపిస్తే వెళ్లిపోయేముందు దాని పక్కనున్న ఎర్ర పుట్టగొడుగు బటన్ చూడండి. ఎమర్జెన్సీ బటన్ ఎవరో నొక్కి అలాగే వదిలేసి ఉండొచ్చు. తీగలేవీ ఊడిపోయి, కాలిపోయి లేవని చూసుకుని, దాన్ని కుడివైపు తిప్పితే 'టక్' మని పైకొస్తుంది, రెండు నిమిషాల్లో స్క్రీన్ వెలుగుతుంది. గన్ బయటికి రాకపోతే గుంజొద్దు. యాప్‌లో ఆపి, కారు ఒకసారి లాక్ చేసి అన్‌లాక్ చేసి, గన్ బరువు కింది నుంచి ఎడమచేత్తో మోస్తూ తిన్నగా లాగాలి. బరువుకు గన్ వాలిపోతే లోపలి గొళ్లెం పట్టేస్తుంది.

ఆదివారం సాయంత్రం తిరుపతి నుంచి వచ్చే బండ్లన్నీ ఒకే వేళకు కోలారు చుట్టుపక్కల చేరతాయి, లైను తప్పదు. మధ్యాహ్నం రెండు లోపు ముళబాగిలు దాటేలా చూసుకోండి. నరసాపుర దగ్గర 25 శాతం ఉంటే ఇక ఎక్కడా ఆగక్కర్లేదు. హోస్కోటె నుంచి కేఆర్ పురం దాకా ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంట నిలబడినా పోయేది ఒకటి, ఒకటిన్నర యూనిట్టే.