స్నో మోడ్ మీద నా ఫిర్యాదు ఒక్కటే

ఈ కారు కొన్న కొత్తలో నేను అందరికీ గొప్పగా చెప్పింది దాని స్నో మోడ్ గురించే, అంటే మంచు రోడ్డుకు తగ్గట్టు ఇంజను, గేర్ల తీరును మార్చే సెట్టింగ్ గురించి. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కానీ ఇన్ని చలికాలాలు నడిపాక దాని మీద నాకో గట్టి ఫిర్యాదు ఉంది. పేరులోనే మంచు ఉన్న ఆ మోడ్, మంచు లోతుగా ఉన్నచోటే బండిని ఆపేస్తుంది.

మంచి విషయం ముందు చెప్పాలి. నాది ఆటోమేటిక్, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. మోడ్ మార్చే డయల్‌ను స్నోకు తిప్పగానే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది. బరువైన బూటుతో కాస్త ఎక్కువ నొక్కినా బండి ముందుకు దూకదు. రెండో గేరులో కదులుతుంది, గేర్లు త్వరగా పైకి మారతాయి, చక్రం జారబోతుండగానే ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రానికి బ్రేకు వేసి, ఇంజను పవర్ తగ్గించే వ్యవస్థ) అందుకుంటుంది. బండ్లు తొక్కి తొక్కి గాజులా నున్నగా చేసిన కూడలిలో సిగ్నల్ పడినప్పుడు ఇది నిజంగా హాయి. మా ఆవిడ అయితే చలికాలమంతా బండి ఎక్కగానే డయల్‌ను స్నోకే తిప్పుతుంది. మంచులో డ్రైవింగ్ అంటే తనకుండే టెన్షన్ చాలావరకు పోయింది. మొదట్లో నేను అంతగా పొగడటానికి సగం కారణం అదే.

ఇక ఆ రోజు సంగతి. రాత్రంతా మంచు కురిసింది. ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు ఎక్కే దారిలో మంచు తోసే బండి ఇంకా తిరగలేదు. మంచు బంపర్ కింది అంచును రాసుకుంటోంది. ఆ దారి కొంతదూరం చదును, తర్వాత ఒక మలుపు, మలుపు దాటగానే ఎత్తు. మలుపు దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు మొదలైందో లేదో, డాష్‌బోర్డు మీద జారే కారు బొమ్మ పసుపురంగులో టపటపా కొట్టుకుంది. కింద నుంచి బ్రేకులు ఒక్కో చక్రాన్ని పట్టి వదులుతున్న గరగర చప్పుడు. యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కాను. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి వెళ్లాల్సింది పోయి కిందికి దిగింది. నేల దాకా నొక్కినా అంతే. ఇంజన్‌లో బలం లేక కాదు, ఉన్న బలాన్ని కంప్యూటర్ చక్రాలదాకా రానివ్వలేదు. ఊపు పోయి, బండి సరిగ్గా ఎత్తు మధ్యలో ఆగిపోయింది. అలాంటి చోట ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో మంచులో నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

దారి ఖాళీగా ఉంది కాబట్టి మెల్లగా వెనక్కి దిగి, మలుపు దగ్గర ఆగి, డయల్‌ను ఇసుక మోడ్‌కు తిప్పాను. టైర్లు అవే, దారి అదే. ఈసారి నొక్కితే ఇంజను పలికింది. చక్రాలు గిర్రున తిరిగాయి. టైర్ల గాడుల్లో బిగుసుకున్న మంచు ముద్దలుగా ఊడి చక్రాల పైకప్పులకు ధనధనా తగిలింది. వెనక భాగం కొంచెం అటూ ఇటూ ఊగింది గానీ, బండి ఆగకుండా పైకెక్కేసింది.

దీని వెనక కారణం ఉంది. 2004లో ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3తో ఇలాంటి డయల్ తెచ్చినప్పుడు గడ్డి, కంకర, మంచు మూడింటికీ కలిపి ఒకటే మోడ్ ఇచ్చారు, ఇసుకకు వేరే ఇచ్చారు. అంటే అక్కడ మంచు అంటే గట్టి నేల మీద జారే పలచటి పొర. దానికి సున్నితంగా నడపడమే మందు. లోతు మంచు వేరు. అది చక్రాలకు అడ్డంపడి ఊపును తినేస్తుంది. దాన్ని తోసుకుపోవాలంటే పవర్ కావాలి, చక్రం కాస్త తిరిగి టైరు గాడుల్లోని మంచును విదిలించుకోవాలి. ఇసుకలో కావలసిందీ అదే. అయితే గట్టిపడిన మంచు మీద, ఐస్ మీద మాత్రం ఇసుక మోడ్ పెట్టకండి. చక్రం తిరిగేకొద్దీ కింద ఇంకా నున్నగా అవుతుంది.

ఆ తర్వాతి చలికాలానికి టైర్లు మార్చాను. అంతకుముందు ఉన్నవి పక్కన ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని మాత్రమే రాసి ఉన్న ఆల్ సీజన్ టైర్లు. ఆ గుర్తు వేసుకోవడానికి మంచులో ఏ పరీక్షా నెగ్గనక్కర్లేదు. కొత్తవి మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉన్న అసలు వింటర్ టైర్లు. ఆ బొమ్మ రావాలంటే మంచు మీద పరీక్షలో నెగ్గాలి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గినా వీటి రబ్బరు బిగుసుకోదు. ఇవి వేశాక, నేను అంతగా మెచ్చుకున్న ఆ కూడలిలో నార్మల్ మోడ్‌లోనే బండి సాఫీగా కదులుతోంది. అప్పట్లో మోడ్‌కు ఇచ్చిన మార్కుల్లో చాలావరకు టైర్ల లోటును అది కప్పిపుచ్చినందుకే. పైగా దిగేటప్పుడు ఏ మోడూ రబ్బరుకు లేని పట్టును తెచ్చిపెట్టలేదు. వాలు దిగేటప్పుడు తనంతట తానే బ్రేకులు వేస్తూ వేగాన్ని అదుపులో ఉంచే హిల్ డిసెంట్ కంట్రోల్ కూడా ఆ బ్రేకులతోనే, ఆ టైర్లతోనే బండిని ఆపాలి. ఒకటి మాత్రం మారలేదు. వింటర్ టైర్లతోనూ లోతు మంచులో స్నో మోడ్ పవర్ కోస్తూనే ఉంది, ఆగిపోయే చోటు ఎత్తులో ఇంకొంచెం పైకి జరిగిందంతే.

కాబట్టి మోడ్‌లు అవసరమా అంటే, నాకు అవసరమే, కానీ అది నా దారి వల్ల. పొద్దున్నే ఎవరూ శుభ్రం చేయని ఎత్తు ఎక్కాలి, ఇంట్లో ఇద్దరం నడుపుతాం, గేర్లు ఆటోమేటిక్. రోడ్లు ఎప్పటికప్పుడు శుభ్రమయ్యే చోట ఉండేవాళ్లు మోడ్‌ల కోసం పెట్టే డబ్బు ముందు టైర్ల మీద పెట్టడమే మంచిది. మాన్యువల్ గేర్లున్న బండి అయితే రెండో గేరులో కదలడం, పెడల్ మీద తేలిగ్గా కాలు పెట్టడం మనమే చేసుకోవచ్చు. నేను మళ్లీ బండి కొంటే డయల్ మీద ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టను. ట్రాక్షన్ కంట్రోల్‌ను నిజంగా ఆపే బటన్ ఉందా, ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్టిన మోడ్ అలాగే ఉంటుందా అన్నవి చూస్తాను. నా బండిలో మోడ్ అలా ఉండదు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ నార్మల్‌కే పోతుంది, మా ఆవిడకు దీని మీద ఉన్న కోపం అదే.