సిలికానా, వాయువా? చిరు ప్రోటాన్‌ను పట్టడానికి ఏది మేలు?

యానాం దగ్గర గౌతమి పాయలో వల వేసేవారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వల కన్ను మరీ చిన్నదైతే చేపపిల్లలు, నాచు అన్నీ ఎక్కుతాయి. పులస పడిందో లేదో వెతకడానికే పొద్దు సరిపోతుంది. "కణాలను పట్టి వాటి శక్తి కొలవడానికి సిలికాన్ డిటెక్టరే మెరుగని పుస్తకంలో ఉంది కదా మాస్టారూ, మళ్లీ ఈ వాయువు నింపిన డబ్బాలు ఎందుకు?" అని మొన్న మా విద్యార్థిని అడిగినప్పుడు నాకు ఆ వలే గుర్తొచ్చింది.

ఆమె సెమినార్ నోవాల మీద, అంటే కొన్ని నక్షత్రాల మీద జరిగే విస్ఫోటనాల మీద. నోవా విస్ఫోటనంలో గంధకం, అంతకంటే బరువైన మూలకాలు ఎంత తయారవుతాయన్నది భాస్వరం-30 ఒక ప్రోటాన్‌ను కలుపుకొని గంధకం-31 అయ్యే వేగాన్ని బట్టి ఉంటుంది. భాస్వరం-30 అర్ధాయువు రెండున్నర నిమిషాలే కాబట్టి ఆ చర్యను నేరుగా కొలవడం చాలా కష్టం. అందుకే ఎదురు దారి పట్టారు: గంధకం-31 ప్రోటాన్‌ను వదలడాన్ని చూడటం. క్లోరిన్-31 బీటా క్షయంతో గంధకం-31గా మారి, ఒక్కోసారి 260 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాన్‌ను వదులుతుంది. లక్ష క్షయాలకు ఒక్కటి కూడా రాదు. మన పులస ఇదే.

లెక్క ప్రకారం సిలికానే గెలవాలి. అందులో ఒక జత ఆవేశాలు (ఒక ఎలక్ట్రాన్, దానికి జోడీగా ఒక ధనావేశం) పుట్టడానికి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఆర్గాన్‌లో దాదాపు 26 కావాలి. ఆ ప్రోటాన్ సిలికాన్‌లో డెబ్బై వేల జతలు పుట్టిస్తే, ఆర్గాన్‌లో పదివేలే. ఎక్కువ జతలుంటే శక్తి కొలత అంత నికరం.

చిక్కంతా ఆ క్షయంలో వెలువడే బీటా కణాలతోనే, అంటే వేగంగా దూసుకుపోయే తేలికపాటి కణాలతోనే. అర మిల్లీమీటరు సిలికాన్‌ను దాటే బీటా అందులో రమారమి 200 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు వదిలేస్తుంది. అంటే మన ప్రోటాన్‌కు ఇంచుమించు సమానం! పైగా ప్రోటాన్ వెంట వచ్చే బీటా శక్తి కూడా అందులో కలిసి కొలతను చెదరగొడుతుంది. సిలికాన్‌ను పలచన చేస్తే బెడద తగ్గుతుంది, పోదు. ఆర్గాన్‌లో అదే బీటా సెంటీమీటరుకు రెండు మూడు కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు మించి వదలదు. ప్రోటాన్ మాత్రం కొన్ని మిల్లీమీటర్లలోనే ఆగిపోతుంది. వల కన్ను పెద్దదవడమే ఇక్కడ మేలైంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో గాడ్జెట్ అనే వాయు డిటెక్టర్‌తో ఆ ప్రోటాన్‌ను చూడగలిగారు. ఫలితం 2022లో వెలువడింది.

అయితే అన్నిటికీ వాయువే అనను. ఒకటి రెండు మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ప్రోటాన్లు చిన్న డబ్బాలో ఆగకుండా గోడకు తగులుతాయి. వాటికి నా ఓటు సిలికాన్‌కే. ప్రోటాన్, ఆల్ఫా (హీలియం కేంద్రకం) రెండూ వచ్చే మెగ్నీషియం-20 లాంటి వాటికి మొత్తం శక్తి తెలిస్తే సరిపోదు, ఏ గీత ఏ కణానిదో కనిపించాలి. కణాల జాడలను మూడు కొలతల్లో గీసే టైమ్ ప్రొజెక్షన్ చాంబర్ అక్కడ కావాలి. అదీ వాయువుతో నిండినదే, ఖర్చూ శ్రమా ఎక్కువ.

ఈ డబ్బాల్లో తరచూ వాడే మిశ్రమం పి-10: తొంభై శాతం ఆర్గాన్, పది శాతం మీథేన్. అది విని మా విద్యార్థిని నవ్వింది. "మీథేన్‌కు మన కోనసీమలో కొదవా మాస్టారూ?"

కొదవ లేదమ్మా. కానీ కాస్త ఆక్సిజన్ చొరబడినా, మనం లెక్కపెట్టాల్సిన ఎలక్ట్రాన్లను దారిలోనే మింగేస్తుంది. మన బావుల్లోంచి వచ్చే సహజవాయువు పొయ్యికి సరిపోతుంది గానీ, దీనికి శుద్ధి చేసిన సిలిండరే కావాలి.