మొదటి జీతం: చీటీయా, ఆర్‌డీయా?

నెలకు 5,000 మిగులుతున్నాయి. అమ్మ చీటీ కట్టమంటుంది, ఆఫీసులో వాళ్లు బ్యాంకు ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్) అంటారు.

రాబడి: ఆర్‌డీ వడ్డీ మొదటిరోజే తెలుస్తుంది. చీటీలో అంతా పాటను బట్టే. 20 మంది కట్టే లక్ష చీటీని ఒకరు 20 వేలు తగ్గించి పాడితే ఆయన చేతికి 80 వేలు. చట్టం ఒప్పుకునే గరిష్ఠ కమీషన్ 7 శాతం, అంటే 7 వేలు, నిర్వాహకుడికి. మిగిలిన 13 వేలు అందరికీ, తలా 650.

శ్రమ: ఆర్‌డీ ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. చీటీ పాడాక షూరిటీల కోసం తిరగాలి. ఎవరిని అడగాలన్నా మొహమాటమే.

రిస్క్: బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల వరకు బీమా ఉంది. రిజిస్టర్ కాని చీటీవాడు బోర్డు తిప్పేస్తే ఏడవడమే.

చెల్లి పెళ్లికో, చేబదులు తీర్చడానికో మధ్యలో పెద్ద మొత్తం కావాలంటే రిజిస్టరైన చీటీ. ఉత్త పొదుపే అయితే ఆర్‌డీ.