లంగరుకు జింక్ ఎపాక్సీ: చాలాకాలం వాడాక

ఇనుముకు అడుగు పూతగా వేసే, రెండు డబ్బాలుగా వచ్చే జింక్ ఎపాక్సీ ప్రైమర్‌లో నాకు నచ్చింది ఒకే ఒక్క గుణం. గీత పడినా తుప్పు ఆ గీత దాటి పోదు. మిగతా విషయాల్లో దాన్ని పొగడడానికి పెద్దగా ఏమీ లేదు. బూడిద రంగు, కలపడానికి చెయ్యి నొప్పి, చిన్న డబ్బా దొరకదు, పూతకు ముందు పని పూతకంటే ఎక్కువ. అయినా ఆ ఒక్క గుణం చూశాక లంగరుకు మళ్లీ మామూలు ఎర్ర ప్రైమర్ రెడ్ ఆక్సైడ్ పూయబుద్ధి కాలేదు.

లంగరు మామూలుదే. వెల్డింగ్ షాపుల్లో చేసిచ్చే నాలుగు కొక్కేల రకం: రెండంగుళాల పైపు కాడ, 20 మి.మీ. కడ్డీ కొక్కేలు, పైన రింగు, పది పన్నెండు కిలోలు. వాడేది ఎక్కువగా తిరుపతి జిల్లా తడ వైపు పులికాట్ సరస్సులో ఫైబర్ పడవకు, అప్పుడప్పుడు తూపిలిపాళెం దగ్గర సముద్రంలో.

రెడ్ ఆక్సైడ్ మీద ఎనామెల్ వేసిన లంగరుకు రాయి తగిలి చిన్న గీత పడిందనుకోండి. ఉప్పునీళ్లు అక్కడ దిగి పొర కిందికి పాకుతాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పొరను కిందినుంచి లేపుతుంది. గీత సన్నగానే ఉంటుంది గానీ గీరి చూస్తే చుట్టూ రంగంతా పెచ్చులుగా వస్తుంది. జింక్ ఎపాక్సీ మీద అదే గీత కొన్నాళ్లకు తెల్లగా, బూడిదగా పూడుకుపోతుంది. పక్కన గోరు పెట్టి లాగినా పొర కదలదు. ఇనుముకంటే జింకు త్వరగా కరిగే లోహం. ఉప్పునీళ్లలో రెండూ తగిలి ఉంటే ముందు జింకు కరిగి ఇనుమును కాపాడుతుంది. గీత అంచుల్లోని జింకు ఆ పనే చేస్తుంది.

ఇది జరగాలంటే జింకు నేరుగా ఇనుముకు తగలాలి. పాత తుప్పు మీదో, పాత రెడ్ ఆక్సైడ్ మీదో పూస్తే అది ఖరీదైన బూడిద రంగు, అంతే. పొరలోని జింకు రేణువులు ఒకదానికొకటి కూడా తగులుతూ ఉండాలి. అందుకే ఎండిన పొర బరువులో కనీసం 80 శాతం జింకు పొడి ఉంటేనే దాన్ని జింక్ రిచ్ (జింకు దండిగా ఉన్నది) అనాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12944 చెబుతుంది. కొనేటప్పుడు ఇక్కడే జాగ్రత్తపడాలి. దుకాణంలో ‘జింక్ ప్రైమర్’ అని మాత్రం అడిగితే పసుపుపచ్చ జింక్ క్రోమేటో, జింక్ ఫాస్ఫేటో చేతిలో పెడతారు. అవి వేరు సరుకు, గీతను కాపాడే గుణం వాటికి లేదు. డబ్బా ఎత్తి చూసినా తెలుస్తుంది. అసలు జింక్ రిచ్ ఎపాక్సీ కలిపాక లీటరు రెండు కిలోలకు పైనే తూగుతుంది. తేలిగ్గా ఉంటే లోపల జింకు తక్కువే.

ఇక ఇనుము శుభ్రం చేయడం. గ్రైండర్‌కు వైరు కప్ బ్రష్ బిగించి తోమితే ఇనుము తళతళలాడుతుంది గానీ ఆ మెరుపు మోసం. బ్రష్ తుప్పును గుంటల్లోకి నొక్కి పైన నునుపు చేస్తుంది, పూత పట్టుకోవడానికి గరుకుదనం మిగలదు. దీనికి బ్లాస్టింగే (గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టించడం) దారి: తుప్పు, పాత పూత దాదాపు పూర్తిగా పోయే ఎస్ఎ రెండున్నర స్థాయికి, 50 నుంచి 75 మైక్రాన్ల గరుకుతో (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). గార్నెట్ రాతి పొడి గానీ కాపర్ స్లాగ్ (రాగి చిట్టెం) గానీ వాడేవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఏటి ఇసుకతో కొట్టేవాళ్లూ ఉంటారు, ఆ దుమ్ము పీల్చినవాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. బ్లాస్టింగ్‌కు ముందు మంచినీళ్లతో బాగా కడిగి తీరాలి. ఉప్పు మిగిలితే గార్నెట్ దెబ్బకు గుంటల్లోకి దూరుతుంది, తర్వాత పూత కింద నీళ్లు లాక్కుని బొబ్బలు లేపుతుంది.

బ్లాస్టింగ్ తిరుపతి వైపు చేయించి, మొదటి చేయి కూడా అక్కడే వేయించుకుని తడకు తేవడం మేలు. రేణిగుంట, గాజులమండ్యం చుట్టుపక్కల గేట్లు, ట్రస్సులు చేసేవాళ్లలో బ్లాస్టింగ్ ఉన్నవాళ్లను వెతుక్కోవాలి. బ్లాస్టింగ్‌తో పై పొర పోయిన ఇనుము ఉప్పుగాలిలో కొద్ది గంటల్లోనే ఎర్రబారుతుంది. తిరుపతిలో గాలి పొడి. తడకు రెండు గంటల దారి, పూత వేయకుండా తెస్తే టార్పాలిన్ కప్పినా ఆ దారిలోనే పని చెడుతుంది. నాలుగు గంటల్లోపు ప్రైమర్ పడాలన్న లెక్క పొడి గాలికి చెప్పిందే, సరస్సు ఒడ్డుకు కాదు.

కలపడంలో చెప్పుకోవాల్సింది ఒక్కటే. జింకు అడుగున గట్టిగా పేరుకుంటుంది. కర్రతో తిప్పితే పైనున్న జిగురు ద్రవం, రెసినే కదులుతుంది. డ్రిల్‌కు కలిపే కడ్డీ తగిలించి అడుగు గీకుతూ తిప్పాలి, పూస్తున్నంతసేపూ మధ్యలో మళ్లీ తిప్పుతుండాలి. లేకపోతే మొదట పూసిన కొక్కేలకు రెసిన్, చివరి కొక్కేనికి రాలిపోయే పొడి. రెండో డబ్బాలోని హార్డెనర్‌ను (పూతను గట్టిపరిచేది) కంటి అంచనాతో సగం సగం పోయవద్దు. కలిపాక ఎంతసేపట్లో వాడేయాలన్న గడువు డబ్బా మీద 25 డిగ్రీలకు రాసి ఉంటుంది, మే నెలలో అందులో సగమే అనుకోవాలి. జింకు పొడికి తడి తగిలితే హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి కలిపిన మిగులును మూత బిగించి దాచవద్దు. వెల్డింగ్ అతుకులకు, కొక్కేల అంచులకు ముందుగా బ్రష్‌తో ఒక చేయి వేసి, తర్వాత మొత్తానికి వేయాలి. అంచుల మీద రంగు ఎప్పుడూ పలుచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఆరిన మందం 60 నుంచి 75 మైక్రాన్లు చాలు. మందంగా పోస్తే పగుళ్లిస్తుంది.

ఇప్పుడు అసలు గొడవ. లంగరు బూడిద రంగులో ఉంటే బురదలోంచి తీసినప్పుడు ఎక్కడ శుభ్రమైందో కనిపించదు, పడవలో కాలికి తగులుతుంది. కాడకు పసుపో నారింజో వేస్తే బాగుంటుంది. రంగుల దుకాణంలో అడిగితే మామూలు సింథటిక్ ఎనామెల్ ఇచ్చి, జింకు మీద ఏదైనా పడుతుందన్నారు. పడింది కూడా. ఆరినప్పుడు ఇంత నునుపైన రంగు లంగరు మీద ఎప్పుడూ చూడలేదు. సరస్సులో కొంతకాలం తిరిగాక రింగు దగ్గర ఒక అంచు లేచింది. పట్టుకుని లాగితే కాడ పొడవునా పసుపు పొర కుబుసం విడిచినట్టు వచ్చేసింది. ముక్కలు కాదు, పొరే. వెనకవైపు తడిగా, వేలికి సబ్బులా జారుడు. కింద జింకు మాత్రం చెక్కుచెదరలేదు, పైన తెల్ల పొడి మాత్రం పట్టి ఉంది.

ఆ సబ్బు జారుడులోనే కారణం ఉంది. సింథటిక్ ఎనామెల్ ఆల్కిడ్ రెసిన్‌తో చేస్తారు, అందులో నూనెల కొవ్వు ఆమ్లాలుంటాయి. తడి తగిలిన జింకు పైభాగం క్షార గుణం పొందుతుంది. జింకు సమ్మేళనాలు, కొవ్వు ఆమ్లాలు కలిసి జింకు సబ్బు అవుతాయి. పొరకూ లోహానికీ మధ్య ఆ సబ్బు చేరితే ఇక పట్టు ఎక్కడిది? తిరుపతిలో కొత్త గాల్వనైజ్డ్ రేకు గేట్లకు ఎనామెల్ వేయించిన ఇళ్లు చూడండి, ఒక వాన కాలం దాటేసరికి రంగు పలకలుగా రాలుతూ ఉంటుంది. పెయింటర్‌ను తిడతారు, తప్పు ఆయన చేతిది కాదు, డబ్బాది. గేటుకైతే ఒక వాన కాలం పట్టేది, ఉప్పునీళ్లలో మునిగే వస్తువుకు త్వరగా జరుగుతుంది.

బాగుచేయడం కష్టం కాదు. ఎనామెల్ మొత్తం గీకేయాలి, కాస్త పట్టు ఉన్నచోటా వదలకూడదు. తెల్ల పొడిని మంచినీళ్లు, గట్టి నైలాన్ బ్రష్‌తో కడిగి, ఆరాక 120 నంబరు ఎమరీతో తేలిగ్గా రుద్దాలి. వైరు బ్రష్ పెడితే జింకు పొరే పోతుంది. పైన వేయాల్సింది ఎపాక్సీయే, మందంగా పడే రకం. జింకు పొర లోపల సన్న రంధ్రాలుంటాయి, ఒకేసారి మందంగా పోస్తే గాలి బుడగలై సూది మొన ఖాళీలు మిగులుతాయి. ముందు థిన్నర్ ఎక్కువ కలిపి పలుచగా ఒక చేయి, అది పట్టాక పూర్తి చేయి. నలుపు చాలనుకుంటే తారు ఎపాక్సీ ఇంకా గట్టిది, కాకపోతే దానిలోని తారు చర్మానికి, ఊపిరికి మంచిది కాదు, తొడుగులు లేకుండా ముట్టవద్దు. రెండో చేయికి గడువు దాటితే మొదటి చేయి మీద అంటదు కాబట్టి డబ్బా మీద రాసిన గంటలు చూసుకోవాలి. ఎపాక్సీ ఎండకు పొడిబారి రంగు వెలుస్తుంది. నాకది పట్టదు, నీళ్లలో మునిగేదానికి అందం ఎందుకు అనిపిస్తుంది.

గీత దాటదని మొదట్లో రాశాను కదా, దానికి కొన్ని హద్దులున్నాయి. కొక్కేల మొనలకు ఏ పూతా నిలవదు. తూపిలిపాళెం ఇసుకలో ఈడ్చుకుపోయే లంగరు మొన ఇనుముదాకా తోమినట్టు మెరుస్తుంది. సరస్సు బురదలో అదే మొన చాలా మెల్లగా అరుగుతుంది. ఖాళీ పెద్దదైతే చుట్టూ ఉన్న జింకు చాలదు, మధ్యలో ఎర్రబారుతుంది. సన్న గీతకు కాపాడుతుందన్నమాట నిజమే గానీ అరచేతి వెడల్పు ఖాళీకి కాదు. పైగా జింకు కరుగుతూనే కాపాడుతుంది, అంటే అయిపోతుంది.

లంగరు ఎక్కువకాలం బురదలోనే ఉండిపోతే ఇంకో చిక్కు. పులికాట్‌లో కుళ్లిన గుడ్డు వాసన వేసే నల్ల బురదలో గాలి అందదు, సల్ఫేట్‌ను తినే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. పూత లేని చోట ఇనుముకు నల్లగా సల్ఫైడ్ పట్టి కింద గుంటలు పడతాయి. వేసవిలో నీళ్లు తగ్గి ఉప్పు ముదురుతుంది, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాలు ఇసుకతో పూడినప్పుడు ఇంకా ఎక్కువ. రోజూ తీసి పడవలో పెట్టే లంగరుకు ఈ బాధ లేదు. కట్టి వదిలేసే పడవ లంగరుకైతే జింకు ఒంటిపొర చాలదు, పైన ఎపాక్సీ రెండు చేతులు తప్పనిసరి. నిజానికి నీళ్లలో మునిగి ఉండేవాటికి పైపూత లేకుండా వాడొద్దని ఈ ప్రైమర్ల కాగితాల్లోనే చాలావరకు రాసి ఉంటుంది.

రింగుకు తాడునో గొలుసునో కలిపే కొండీ, అంటే షాకిల్, స్టెయిన్‌లెస్‌ది పెట్టినవాళ్ల లంగర్లలో రింగు చుట్టూ జింకు ముందుగా పోతుంది. స్టెయిన్‌లెస్ తగిలితే జింకు దానికోసం కూడా కరుగుతుంది. గాల్వనైజ్డ్ షాకిల్ వాడి, పిన్ను మరచుట్లకు రంగు తగలకుండా గ్రీజు పెట్టి, బైండింగ్ వైరుతో కట్టేయండి. తాడు తెగి లంగరే పోయాక పూత గురించి మాట్లాడేదేముంది.

గొలుసుకు ఈ పూత వేయవద్దు. లంకెలు ఒకదాన్నొకటి రుద్దుకుని అక్కడే పోతుంది, మిగతాచోట్ల ఉన్నా ఏం లాభం.

హాట్ డిప్ గాల్వనైజింగ్ ఇంతకంటే మేలా అంటే, మేలే. సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచితే 6 మి.మీ. దాటిన ఇనుముకు సగటున 85 మైక్రాన్లు రావాలని ప్రమాణం, పైగా ఆ పొర ఇనుముతో మిశ్రలోహమై అతుక్కుంటుంది. రాపిడికి పూతకంటే బాగా తట్టుకుంటుంది. ఒకటి రెండు లంగర్ల కోసం చెన్నై వైపు తీసుకెళ్లి, గాల్వనైజింగ్ చేసేవాళ్ల లోడుతో కలిసేదాకా ఆగడమే ఇబ్బంది. పైపు కాడ లంగరైతే రెండు కొసల్లో రంధ్రాలు వేయాలి. రెండు పక్కలా మూసేసిన పైపును ముంచితే లోపలి తేమ ఆవిరై పేలుతుంది, పక్కనున్నవాళ్ల మీద కరిగిన జింకు చిందుతుంది. పూత వేసే లంగరుకు దీనికి పూర్తి వ్యతిరేకంగా, పైపు పూర్తిగా మూసి వెల్డ్ చేయాలి, లేకపోతే లోపలినుంచి తుప్పు తింటుంది. సిల్వర్ పెయింట్ పూసి గాల్వనైజ్డ్ అని అమ్మే లంగర్లూ ఉంటాయి. థిన్నర్ తడిపిన గుడ్డతో రుద్దితే గుడ్డకు వెండి రంగు అంటుకుంటుంది, అసలుదానికి అంటదు.

నా లంగరు రోజూ పైకి వచ్చేది, ఎక్కువగా బురదలో పడేది, తిరుపతికి ఎలాగూ పనుల మీద పోయి వచ్చేది. ఈ మూడూ కుదిరినందువల్ల నాకు జింక్ ఎపాక్సీ గిట్టింది. ఇసుకలో ఈడ్చే సముద్రపు పడవలకు, ఒకేసారి పది లంగర్లున్నవాళ్లకు గాల్వనైజింగే చూసుకోమంటాను. బ్లాస్టింగ్ చేయించే ఓపిక లేకపోతే రెడ్ ఆక్సైడే పూసి ఏటా గీకుకోవడం నయం, జింకు డబ్బు దండగ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రపు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ పడవల లంగర్లకు పూత వేయడానికి అదే సమయం. ఎండలో పెట్టిన ఇనుము చెయ్యి కాలేంత వేడెక్కి రంగు పొడిగా రాలుతుంది, తెల్లవారుజామున మంచు పడి ఉంటుంది. పొద్దున ఎనిమిది దాటాక, నీడలో వేయండి. లంగరు మొత్తం కలిపినా అర చదరపు మీటరు లోపే, రెండు చేతులకు రెండు వందల మి.లీ. సరిపోతుంది. చిన్న డబ్బా దొరక్కపోతే పక్క పడవలవాళ్లతో కలిసి కొని, అన్ని లంగర్లూ ఒకే రోజు బ్లాస్టింగ్‌కు పంపితే మిగులు ఉండదు.