తీగ లేని చార్జింగ్ కోసం ఆగాలా? విజయవాడ సెల్లారులో నెక్సాన్ ఈవీ అనుభవం

పటమటలోని మా అపార్టుమెంటు సెల్లారులో, 30.2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న తొలితరం నెక్సాన్ ఈవీని కొన్నేళ్లుగా 15 ఆంపియర్ల ప్లగ్గు పాయింటుతోనే చార్జ్ చేసుకుంటున్నాను. నేల మీద పరిచిన పలకపై కారు నిలిపితే చాలు, దానంతట అదే చార్జ్ అయ్యే పద్ధతి మన దగ్గరకు వచ్చేదాకా ఆగమంటారా అని కారు కొనబోయేవారు అడుగుతున్నందున, రోజూ తీగ పట్టే మనిషిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

వారధి దాటి మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లి వస్తే నాకు 70 కిలోమీటర్లు దాటుతుంది. రాత్రి భోజనానికి ముందు తగిలిస్తే, అంత దూరానికి ఖర్చయిన చార్జ్ అర్ధరాత్రిలోగా తిరిగి నిండుతుంది. తీగ తగిలించడానికి అర నిమిషం కూడా పట్టదు. నన్ను విసిగించింది ఎర్తింగ్. అది బలహీనపడితే చార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది, చార్జింగ్ మొదలే కాదు. ఉప్పూ బొగ్గూ వేసి గొట్టం పాతించినా, రోహిణి కార్తెలో నేల ఎండిందంటే వాచ్‌మన్ ఆ గొట్టంలో రెండు బిందెల నీళ్లు పోస్తే గానీ పచ్చ లైటు రాదు. తీగ లేని చార్జర్‌కైనా గోడ దగ్గర కరెంటూ ఎర్తింగూ కావలసిందే గనుక, ఈ బాధ దానితో తీరేది కాదు.

ఇక సామర్థ్యం. విడిగా పెట్టించుకున్న మీటరు ప్రకారం 10 యూనిట్లు తిరిగితే బ్యాటరీకి చేరేవి దాదాపు 9; మిగిలినది ఎక్కువగా కారులోని చార్జర్ ఏసీని డీసీగా మార్చేటప్పుడు వేడిగా పోతుంది. తీగ లేని పద్ధతిలో కరెంటును సుమారు 85 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యానికి మార్చి నేలలోని తీగచుట్టకు పంపితే, అయస్కాంత క్షేత్రం ద్వారా కారు అడుగున ఉన్న చుట్ట దాన్ని అందుకుని డీసీగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. కారులోని చార్జర్‌తో ఇక్కడ పని లేదు కాబట్టి, తీగ లేని పద్ధతిలో పోయే కరెంటు ఆ చార్జర్ నష్టానికి అదనంగా చేరదన్న సంగతి చాలామంది గమనించరు. 2018లో బీఎండబ్ల్యూ 530ఈ కారుకు ఇచ్చిన 3.2 కిలోవాట్ల పలక సామర్థ్యం సుమారు 85 శాతం. బ్యాటరీలోకి నెలకు 225 యూనిట్లు వెళ్లాలంటే నా తీగకు 250, ఆ పలకకు 265 యూనిట్లు కావాలి. ఆ తేడా బెజవాడలో ఇద్దరు టిఫిన్ చేసినంత ఖర్చు. దాని కోసం ఈ పద్ధతిని కాదనడం సబబు కాదు.

నా అభ్యంతరం కారు నిలిపే తీరు మీద. తీగ లేని చార్జింగ్‌కు వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ 2020లో ఇచ్చిన జే2954 ప్రమాణం 11 కిలోవాట్ల వరకు అనుమతిస్తూ, నేలలోని చుట్టకు సరిగ్గా పైన ఉండాల్సిన కారు చుట్ట ముందువెనుకలుగా 7.5, పక్కలకు 10 సెంటీమీటర్లకు మించి జరగకూడదంటుంది. రెండు స్తంభాల మధ్య, ఎదురింటివారి బుల్లెట్‌ను తప్పించుకుంటూ రివర్సులో దూర్చే సెల్లారులో, దారి చూపే సహాయం కారులోనే లేకపోతే అది రోజూ కుదిరే పని కాదు. పైగా నెక్సాన్ అడుగుకూ నేలకూ 205 మిల్లీమీటర్ల ఎడం ఉంది. ఎడం పెరిగేకొద్దీ పెద్ద చుట్టలు కావాలి. కారు కింద పిల్లి దూరినా, నట్టు పడినా గుర్తించి ఆగిపోయే ఏర్పాటూ తప్పనిసరి, మా సెల్లారు పిల్లులకు కారు కింద చోటంటే మహా ఇష్టం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచాక నేను ప్లగ్గు పాయింటును ఛాతీ ఎత్తుకు మార్పించాను. నేల పలకను అలా మార్చలేం.

మోకాళ్ల నొప్పులవారికి, వానలో ఆరుబయట కారు నిలిపేవారికి పలక నిజమైన సుఖమే. అంతకన్నా టాక్సీలకు ఎక్కువ ఉపయోగం: స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2022లో వోల్వో ఎక్స్‌సీ40 టాక్సీలతో దీన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. మన రైల్వేస్టేషను ముందు బేరం కోసం వరుసలో నిలిచే బండ్లకూ ఇది సరిపోయే పద్ధతే. సొంత సెల్లారు ఉన్నవారు మాత్రం దాని కోసం ఆగకుండా, 4 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగతో విడి లైను లాగించుకుని, కారు రాకముందే ఎర్తింగ్ పరీక్ష చేయించుకోవాలి.